ఏరువాకకు దున్నని గరువు

మా బావ పైడినాయుడు మాస్టారు ఇక లేరు. ఈ చిన్న వాక్యం రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. రోహిణి కార్తె ఎండలు మండిపోతున్న ఒక ఉదయం, పొలం నుంచి తిరిగివచ్చి, అరుగు మీద కూర్చుని చోడి అంబలి, అంటే రాగి అంబలి, తాగుతూ ఆయన ఒక పక్కకు ఒరిగిపోయారు. చీపురుపల్లిలో నేను పేపరు చదువుకుంటూ ఉండగా మేనకోడలు ఈశ్వరి ఫోను చేసింది. "మావయ్యా, నాన్న పలకడం నేదు. నువ్వు బేగి రా" అంది. ఆటోలో బావ ఊరు చేరేసరికి ఊరంతా ఆ వాకిట్లోనే ఉంది. అంబలి చెంబు ఇంకా అరుగు మీదే ఉంది. ముందురోజు సాయంత్రం ఫోనులో నాతో దెబ్బలాడి, "రేపు మళ్ళీ సేస్తాను, జవాబు ఆలోసించుకో" అని పెట్టేసిన మనిషి అలా మౌనంగా పడుకుని ఉంటే, నన్ను ఆటపట్టించడానికేనేమోనని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. ఆ దిగ్భ్రాంతి నుంచి నేనింకా తేరుకోలేదు.

తెలియనివారి కోసం చెబుతాను. బావ జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు, మా అక్క అప్పలనరసమ్మ భర్త, ఆ ఊళ్ళో సేంద్రియ సాగుకు మొదట దిగిన రైతు. నేను హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగం వచ్చిననాటి నుంచీ ఆయన నన్ను "పంతులూ" అనే పిలిచారు, అదీ ఎగతాళిగా. నేనెక్కడైనా సభలో ప్రసంగించి వస్తే, "బాగానే సెప్పినావు గాని పంతులూ, నీ సమాసాలు విప్పుకునేసరికి విత్తనం అదను దాటిపోతాది" అనేవారు. అలాంటి మనిషికి నేను సంస్మరణ రాయవలసి రావడం విధి విలాసం. పోయినవారందరినీ మహనీయులను చేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. నేనా పని చేయను. బావ మొండివాడు. ఆ మొండితనం వల్ల ఆయన ఏం పోగొట్టుకున్నారో, ఆయన నేలకు ఏం దక్కిందో దగ్గరుండి చూసినవాణ్ణి కనుక రాస్తున్నాను.

ఆయన పోయారు గాని ఆయన గరువు ఉంది. వానను నమ్ముకుని బతికే ఎర్రనేల మెరక అది. ఏళ్ళ తరబడి నాగలి సోకకుండా ఆయన కాపాడుకొచ్చిన నేల. ఏరువాక పున్నమి దగ్గరపడింది. ఆ నేలను ఇప్పుడు దున్నాలా, వద్దా అన్న ప్రశ్న మా అక్క ముందు నిలిచింది. బావ ఉత్తరజీవితమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే నడిచింది.

ఏరువాక నాడు మొదటి చాలు ఎవరి ఇంటి నాగలితో పడాలన్నది మా వైపు ఊళ్ళలో పెద్ద గౌరవం. ఆ ఊళ్ళో అది తరతరాలుగా బావ ఇంటిది. ఎడ్లకు నీళ్ళు పోసి, కొమ్ములకు రంగులు పూసి, ఆ ఇంటి పెద్ద తన గరువు తూర్పు చివర చాలు తీశాకనే మిగిలిన ఇళ్ళ నాగళ్ళు కదిలేవి. చాలు పడిన చేనును సగంలో వదలకూడదు, పొద్దుగూకేలోగా చేనంతా దున్ని తీరాలి. అదీ కట్టుబాటే. కాలేజీలో పనిచేసే రోజుల్లోనూ బావ ఆ రోజు సెలవు పెట్టి, పొందూరు ఖద్దరు పంచె గోచీ బిగించి, తలపాగా చుట్టి నాగలి పట్టేవారు. ఆ పూట ఆయన ముఖంలో ఉండే దర్పం తన పెళ్ళినాడు కూడా లేదని మా అక్క అనేది.

రిటైరైన ఏడే ఆయన యూరియా బస్తాను గడప దాటనివ్వనని ఒట్టు పెట్టుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. మందులు మానేసిన చేలో కలుపు విరగబడి లేచింది. కలుపు మందు కొట్టరు కదా, దానికి విరుగుడుగా దుక్కి మీద దుక్కి వేయించారు. వాన పడితే ఒకసారి, గడ్డి లేస్తే ఒకసారి ట్రాక్టరుకు రోటవేటరు తగిలించి మట్టిని పిండి చేయించారు. పశువుల గెత్తం చాలదని లారీతో కోళ్ళ పెంట తెప్పించి, మాగనివ్వకుండా పచ్చిదే చల్లించారు. "ఇది రసాయనం కాదు కదా, ఎంతేసినా దోసం నేదు" అన్నది రసాయనశాస్త్రం చెప్పిన ఆ మనిషే! ఆ ఏడు మొక్కజొన్న నల్లగా, ఏపుగా ఎదిగి, దారినపోయేవారు ఆగి చూసేలా తయారైంది. కంకి ముదరకముందే ఒక్క గాలివానకు మొత్తం పడుకుంది. మరుసటి ఏడు పిండైన మట్టి వానకు తడిసి, ఎండకు పెచ్చు కట్టింది. మొలక ఆ పెచ్చును చీల్చుకుని పైకి రాలేకపోయింది. మిగిలిన మట్టిని వాన పక్కనున్న వాగులోకి, మా గెడ్డలోకి ఈడ్చుకుపోయింది.

మరొకరైతే విత్తనం మీదకో దేవుడి మీదకో నెట్టేసేవారు. బావ టీ కొట్టు బెంచీల మీద కూర్చున్న అందరి ఎదుటా, "బస్తా మార్సినాను గాని బుద్ధి మార్సలేదర్రా. యూరియా కుమ్మరించే సోట కోళ్ళ పెంట కుమ్మరించినాను. మట్టిలో ఉన్న కాస్త సారాన్నీ రోటవేటరెట్టి నేనే ఎగరగొట్టీసినాను. తప్పు నాదే" అన్నారు. దున్నినప్పుడల్లా లోపలి మట్టికి గాలీ ఎండా తగిలి అందులోని సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుందనీ, ఒక చేత్తో ఎరువు వేస్తూ మరో చేత్తో దాన్ని పోగొట్టుకుంటున్నామనీ, పచ్చి ఎరువు మొక్కను ఉబ్బిస్తుందే తప్ప మట్టిని కట్టదనీ క్లాసులో చెప్పినట్టే చెప్పారు. కొట్టతను మాత్రం, "మాస్టారూ, గ్లాసు ఒగ్గితే కడుక్కుంటాను" అన్నాడు. నేనక్కడే ఉన్నాను. తన ఓటమిని అంత బాహాటంగా, అంత నిర్మలంగా చెప్పుకున్న విద్యావంతుణ్ణి నేను మరొకరిని చూడలేదు.

ఆయన దారి మళ్ళింది మాత్రం నా వేళాకోళం వల్లేనని చెప్పుకోవడానికి నాకు కాస్త గర్వంగానే ఉంటుంది. ఆ శీతాకాలం ఆయన పల్లపు పొలంలో వరి కోతకు వచ్చింది. కోయడానికి కొద్ది రోజుల ముందు, నిలబడ్డ వరిలోనే, ఆ తడి మీద పెసలు చల్లడం మా ప్రాంతంలో అందరూ చేసే పని. బావ ఒడిలో పెసలు పోసుకుని చల్లుతున్నారు. నేను గట్టు మీద నిలబడి, "ఏం బావా, దుక్కి లేకుండా విత్తుతున్నావే! మీ తాత చూస్తే ఊరుకుంటాడా?" అన్నాను.

"ఒరే, ఇది మా తాత నేర్పిన పనే" అని చెయ్యెత్తిన మనిషి ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఆగిపోయారు. "ఏటన్నావు? మళ్ళీ అను."

మళ్ళీ అన్నాను.

"నిజమేరా పంతులూ. దున్నకుండా వేసే పంట ఇదొక్కటే. కలుపనీ ఎరువనీ మనం యాగీ సెయ్యని పంట కూడా ఇదే. ఇన్నాళ్ళూ ఎప్పుడైనా మనల్ని వట్టి సేతుల్తో పంపినాదా?" ఆ తరువాత ఆయన పెసలు చల్లడం పూర్తిచేసి, తిన్నగా గరువుకు వెళ్ళి, ఆ పెచ్చు కట్టిన నేల మీద చాలాసేపు కూర్చున్నారు.

పల్లంలో వరి తడి ఉంటుంది, గరువులో ఉండదు. అందుకని అక్కడ నేలకు ముందు ఒక కప్పు కావాలని ఆయన తేల్చుకున్నారు. జనుము చల్లి, పూతకు రాగానే దాన్ని దున్నకుండా అడ్డంగా తొక్కించి పడుకోబెట్టారు. మొక్కజొన్న చొప్పను కాల్చనివ్వలేదు. గొర్రెల మంద కట్టించారు. గెత్తాన్ని నీడన గుంటలో బాగా మాగబెట్టి పైపైన పరిచారు. గునపంతో చిన్న గుంట చేసి గింజ వేయడమే తప్ప, మట్టిని తిరగెయ్యడం మానేశారు.

అక్కడితో అసలు కష్టం మొదలైంది. ఏరువాక వచ్చింది. ఊరిపెద్ద రావినాయుడుగారు నలుగురితో వాకిట్లోకి వచ్చి నాగలి సిద్ధం చేయమన్నారు. బావ చేతులు జోడించారు.

"నాగలికి దండం ఎడతాను, ఎడ్లకి ఎడతాను, మీకూ ఎడతాను. గరువులో మాత్రం కర్రు దించలేను బాబూ. ఒక్క సాలైతే తీసీవోణ్ణి. తీస్తే సేనంతా దున్నాలంటారు."

"సాలు పడకపోతే వాన పడదు మాస్టారూ. ఊరికి అరిష్టం. నువ్వు సదువుకున్నోడివి, నీకు సెప్పాలేటి?"

"పడకపోతే నన్ను తిట్టండి. పడతాను."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. వాన నిజంగానే ఆలస్యమైంది. అందరూ తిట్టారు, ఆయన పడ్డారు. మరుసటి ఏడు నుంచి మొదటి చాలు రావినాయుడుగారి ఇంటికి మారింది. ఆ గౌరవం పోయినందుకు బావ బాధపడలేదని ఎవరైనా అంటే అది అబద్ధం. ప్రతి ఏరువాకకూ ఆయన అదే పంచె కట్టి, అదే తలపాగా చుట్టి, తన గట్టు మీద నిలబడి పక్క చేలో పడే చాలును చూసి ఇంటికి వచ్చేవారు. ఆ పూట అన్నం ముట్టేవారు కాదని మా అక్క నాతో చెప్పి ఏడ్చేది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. బావ చాలాకాలం ఇంట కూడా గెలవలేదు. దుక్కి లేని చేలో కలుపు తీసే భారం మా అక్క నడుము మీద పడింది. గరికా తుంగా కలిసి ఆవిడను ఏడిపించాయి. దిగుబడీ తగ్గింది. "నీ మట్టికి పున్నెం, నా నడుముకి పాపం" అని ఆవిడ కొంగు బిగించి గట్టిగా అరిచిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. బావ వెళ్ళి పక్క వరుసలో కూర్చుని కలుపు తీశారు. అప్పటి నుంచీ పోయేదాకా ఆ గరువులో కలుపు ఆయనా తీశారు, ఆవిడతో పాటు, రోజూ.

ఆయన చాదస్తానికి మా బంధువర్గమంతా బలైంది. గజపతినగరంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. భోజనాల బంతిలో కూర్చున్నాక బావ ఉత్తరీయం కొంగు ముడి విప్పి రెండు మట్టి పెళ్ళలు తీశారు. ఒకటి పక్క రైతు దున్నిన గరువుది, ఒకటి తనది. నా గ్లాసులో ఒకటి, తన గ్లాసులో ఒకటి నీళ్ళలో వదిలారు. పక్క రైతుది చూస్తుండగానే కరిగి బురదైపోయింది. తనది పాయసం వడ్డించేదాకా చెక్కుచెదరలేదు. "సూసినారా, దీన్ని పట్టి ఉంచింది సిమెంటు కాదు, మొక్కల ఏళ్ళూ బూజూ ఎర్రల జిగురూను" అని బంతి అంతటికీ వినబడేలా చెప్పారు. పెళ్ళికొడుకు తల్లి వచ్చి, "అన్నయ్యగారూ, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ మట్టేటండీ?" అంది. "అది నేకపోతే నీ పులిహోరెక్కడిదమ్మా?" అన్నారీయన. నేను ఆ పూట మంచినీళ్ళు లేకుండానే భోజనం ముగించాను.

ఎర్రలంటే వానపాములు. వాటిని ఆయన "నా ఎడ్లు" అనేవారు. ఏరువాక నాడు అందరూ ఎడ్లను అలంకరిస్తుంటే, "నా ఎడ్లకి కొమ్ములు నేవు పంతులూ, రంగు పుయ్యడానికి. అదొక్కటే లోటు. మేత ఎడితే సాలు, కూలి అడక్కుండా దున్నుతాయి" అని నవ్వేవారు. ఆ నవ్వులో నొప్పి ఉందని నాకు తెలుసు కనుక నేను నవ్వలేకపోయేవాణ్ణి.

అయితే ఆయన నాగలిని ద్వేషించలేదు. పల్లంలో వరికి దమ్ము చేయించేవారు. "గరువులో పాపమైన నాగలి పల్లంలో పుణ్యమెలా అయింది?" అని నేను పట్టుకున్నాను. "మట్టికి మతం నేదురా. నీరు నిలిసే సోట ఒక మాట, నిలవని సోట ఒక మాట. దాన్నే అడిగి సూసుకోవాల" అన్నారు. వేదాంతం మీద నేను విన్న ఉపన్యాసాలన్నిటిలో ఇంత వివేకం ఉన్న మాట అరుదు. తాను నమ్మినదాన్ని కూడా మట్టి ముందు పరీక్షకు నిలబెట్టినవాడు ఆయన.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండింది. పెద్ద వానలు పడిన ఒక ఏడు అందరి గరువుల నుంచీ గెడ్డలోకి ఎర్రటి నీళ్ళు దూకుతుంటే, బావ గట్టు దాటి వచ్చిన నీరు కొద్దిగా, తేటగా ఉంది. తరువాత వాన మొహం చాటేసినప్పుడు ఆయన చోడి వాడిపోకుండా నిలబడింది. కొందరు వచ్చి చూశారు. ఇద్దరు ముగ్గురు చొప్ప కాల్చడం మానేశారు. మిగిలినవారు మానలేదు. మొదటి చాలు కూడా తిరిగి రాలేదు. బావ అడగనూ లేదు.

ఆయన ఇంట ఖననమే ఆచారం. తన గరువు తూర్పు చివర, పూర్వం చాలు మొదలయ్యే చోటే పెట్టమని ఎప్పుడో చెప్పి ఉంచారు. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ కార్తెలో మా గరువులు పార దిగని రాళ్ళే. అందుకని గొయ్యి తవ్వే తవిటయ్య రెండు గునపాలు భుజాన వేసుకుని వచ్చాడు. చొప్ప పక్కకు నెట్టి పార వేశాడు. పార దిగింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ దిగింది. కింద మట్టి చల్లగా, నల్లబారి ఉంది. గునపాలు గట్టు మీదే ఉండిపోయాయి. బాగా లోతుకు వెళ్ళాక, ఎండ తప్పించుకోవడానికి ఉండలు చుట్టుకుని పడుకున్న వానపాములు కనిపించాయి. తవిటయ్య పని ఆపి వాటిని అరచేతిలోకి తీసి, పక్కన తడి మట్టిలో పెట్టాడు. "మాస్టారివి" అన్నాడు. అక్కడున్నవారిలో ఒక్కొక్కరూ వంగి ఆ మట్టిని పిడికిట్లోకి తీసుకుని చూశారు. రావినాయుడుగారు మూసిన పిడికిలి చాలాసేపు విప్పలేదు. నేను అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక రావినాయుడుగారు వచ్చి మా అక్క ఎదుట నేల మీద కూర్చున్నారు. "అమ్మా, మాస్టారు బతికుండగా మీ ఇంటి సాలు మేం తీసుకున్నాం. అది నాకు ముల్లులాగే ఉన్నాది. ఈ ఏరువాకకి మొదటి సాలు మళ్ళీ మీ ఇంటిదే. ఎడ్లు నావి తెస్తాను, మీ గరువులోనే తీద్దాం. ఆయన ఆత్మ శాంతిస్తాది" అన్నారు.

ఆ పెద్దమనిషి మంచితనంతోనే అన్నారు. ఇన్నేళ్ళు బావ పస్తుండి ఎదురుచూసిన గౌరవం గడపలోకి నడిచి వచ్చింది. ఒప్పుకుంటే పొద్దుగూకేలోగా చేనంతా తిరగబడుతుంది. కాదంటే ఆ గౌరవం మరి రాదు. అందులోనూ, కలుపు తీసి తీసి నడుము వంగిపోయిన మా అక్కకు ఒక్క దుక్కితో ఎంత సుఖం! ఈశ్వరి నా వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను. "ఒక్క పూట ఆగు బాబూ" అని ఆవిడ లేచి గరువుకు వెళ్ళింది.

ఆ పూటంతా నేను ఈ వ్యాసం గురించే ఆలోచించాను. బావ లేని లోటు ఎలాంటిదని రాయాలి? ఆయన పోవడంతో ఆ ఊరు మట్టిని పలకరించే మనిషిని పోగొట్టుకుంది. మా అక్క పక్క వరుసలో కూర్చునే తోడును పోగొట్టుకుంది. నాకు నా సమాసాలను వెక్కిరించే గొంతు పోయింది. ఇప్పుడు నేనెంత గంభీరంగా మాట్లాడినా అడ్డుచెప్పేవారు లేరు, అదే నాకు భరించరానిదిగా ఉంది. పోయే ముందురోజు ఫోనులో ఆయన అడిగినదానికి నేను జవాబు ఆలోచించుకునే ఉంచాను. చెప్పడానికి మనిషి లేడు. బావా, నీకిదే నా కన్నీటి నివాళి. ఇంతకన్నా గొప్ప నివాళి మాత్రం ఆ సాయంత్రం మా అక్క ఇచ్చింది. అది రాసి ముగిస్తాను.

పొద్దు వాలుతుండగా ఆవిడ తిరిగి వచ్చింది. కాళ్ళకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. రావినాయుడుగారు అరుగు మీద నుంచి లేచారు.

"ఈ ఏడు మా గరువులో మొదటి సాలు పడిపోయినాది బాబూ" అంది అక్క. "నువ్వూ దగ్గరే ఉన్నావు కదా, తవిటయ్య తీసినాడు. ఆయన్నే విత్తుకున్నాం."

ఆయనకు కట్టుబాటు గుర్తొచ్చిందేమో, మెల్లగా అడిగారు.

"మరి మిగతా సేను, అమ్మా?"

"మిగతాది ఆయన ఎడ్లు దున్నుకుంటాయి" అంది.